ఎండాల్సిన వరస

అత్తగారి మీద చాడీలు చెప్పడం మంచి అలవాటు కాదు గానీ, ఆవిడకు జాలి అన్నది పొరపాటున కూడా కలగదు. బాల్కనీలో కోడలు పెంచుతున్న వరిమొక్కల్లో సగం పసుపెక్కి తలలు వాల్చేస్తే ఇంటిల్లిపాదీ అయ్యో అన్నారు. ఆవిడ మాత్రం, "ఎండుతాయో లేదో చూడ్డానికేగా పెట్టింది? ఎండనివ్వండి. ఎవరైనా వేలు పెట్టారో, ఊరుకునేది లేదు," అన్నారు.

కుండీలు పన్నెండు. అన్నిటి మట్టిలోనూ కాడ్మియం అనే విషలోహం కలిపి ఉంది. కుడివరసకు సిలికాన్ మందు, ఎడమవరసకు ఉత్త నీళ్ళు. సిలికాన్ పడితే మొక్క ఆ విషాన్ని తట్టుకుంటుందా అన్నది కోడలి పరిశోధన. మూడు నెలల చాకిరీ.

ఇరవై రోజుల శిక్షణకు వెళ్ళి ఆ ఉదయమే ఇంటికొచ్చిన కోడలు బాల్కనీ తలుపు తీసి కొయ్యబారిపోయింది. ఎండాల్సిన ఎడమవరస నవనవలాడుతోంది!

"దీనికి మందు పోసిందెవరు?"

మామగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. భర్త ఫోనులో తల దూర్చాడు.

"ముట్టుకోవద్దని నేను చిలక్కి చెప్పినట్టు చెప్పాను," అన్నారు అత్తగారు.

కోడలు తన పరిశోధన గైడుకు ఫోన్ చేసింది. పెట్టేసేసరికి ముఖం వెలిగిపోతోంది.

"ఎవర్నీ ఏమీ అనను. చావబోయిన మొక్క, మందు ఆలస్యంగా పోసినా తేరుకుందంటే, అది ఇంకా పెద్ద సంగతట! కాకపోతే ఏ రోజు నుంచి పోశారో, ఎంత పోశారో కచ్చితంగా తెలియాలి. లేకపోతే మూడు నెలల పనీ చెత్తబుట్టలోకే."

పేపరు కిందికి దిగింది.

"నేనేనమ్మా. పాపం అనిపించి..."

"ఏం పోశారు మామయ్యగారూ?"

"పాలగిన్నె కడిగిన నీళ్ళు."

"వాటిలో సిలికాన్ ఎక్కణ్ణుంచి వస్తుందండీ?"

"నువ్వూరుకో నాన్నా. పోసింది నేను," అన్నాడు భర్త. "మొన్న ఆదివారం. నీ పరిశోధన పేపర్లో నా పేరు కూడా వేస్తారా?"

"మూడు రోజుల్లో ఇన్ని కొత్తాకులా? వేస్తారు, కోతలరాయుళ్ళ జాబితాలో."

కోడలు ఎడమవరసలో మొదటి కుండీ చేతిలోకి తీసుకుంది.

"ఎక్కడికి?" అన్నారు అత్తగారు.

"తేదీ తెలియని మొక్కలు ఎందుకత్తయ్యా? పారబోసేస్తా."

"దించు."

కోడలు దించింది. అత్తగారు గోడకున్న క్యాలెండరు తీసి కోడలి చేతిలో పెట్టారు. కోడలు వెళ్ళిన నాలుగో రోజు నుంచి మొదలుపెట్టి, రోజు విడిచి రోజు, పెన్సిలు చుక్కలు.

"కుండీకి పది మిల్లీలీటర్లు, నీ కొలగ్లాసుతోనే," అన్నారు ఆవిడ, ఎవరి ముఖమూ చూడకుండా. "తప్పు నాదే. అంత పసివాటిని ఎండబెట్టి చూడ్డం నా వల్ల కాలేదే."