తలుపు కింది సందు

రబ్బరు పట్టీ ఒక కొస ముసలాయన చేతిలో ఉంది. రెండో కొస శాంత చేతిలో ఉంది.

ఆఫీసు నుంచి వచ్చి కారు దిగిన విశ్వతేజకు మొదట కనిపించింది అదే. గరాజ్ పక్కింటి ముసలాయన క్రామర్‌ది. పట్టీ పట్టుకున్న పిల్ల మాత్రం తనది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

ఆరేళ్ల శాంత తల తిప్పకుండానే జర్మన్‌లో జవాబిచ్చింది. చలికాలం వస్తోందట. గరాజ్ తలుపు కింద నుంచి గాలి కొడుతోందట. తనూ ఓపా కలిసి మూసేస్తున్నారట.

ఓపా అంటే తాత. ఏ వరసన తాత? ఫ్రాంక్‌ఫర్ట్ శివారులోని ఈ ఇంట్లో దిగి ఏడాది కాలేదు, అప్పుడే చుట్టరికం కలిపేసిందా అని విశ్వతేజకు ఒళ్లు మండింది.

ఇంట్లో ఆ పిల్ల నోటి నుంచి మాట రావాలంటే చాక్లెట్ చూపించాలి. వచ్చినా "యా", "నైన్"; అవును, కాదు, అంతే. ఆదివారం తెలుగు పాఠానికి కూర్చోబెడితే ఒకటే ఆవలింతలు. ఆ గరాజ్‌లో మాత్రం గలగలా కబుర్లు, నవ్వులు. అవి గోడ దాటి వచ్చి అతని చెవుల్లో సీసం పోసేవి.

ముసలాయన చెక్కలతో పిట్టగూళ్లు చేస్తాడు. విశ్వతేజ బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ చేస్తాడు. ఆరేళ్ల పిల్లకు రెండింట్లో ఏది ముద్దో చెప్పక్కర్లేదు.

"పొరుగింటి పుల్లకూర రుచి అంటరు గదా," అని భార్య రాజ్యశ్రీ నవ్వింది. "ముసలాయనతోని పోటీ ఏంది నీకు?"

"పోటీ ఎవడు పడుతున్నడు?"

అన్నాడు గానీ, పడుతూనే ఉన్నాడు.

అతనికి ఒక్కటే ఊరట. రోజూ సాయంత్రం శాంత ఆ గరాజ్ నుంచి నేరుగా తన దగ్గరికే పరుగెత్తుకొచ్చేది.

"పాపా, హామర్‌ని తెలుగుల ఏమంటరు?" నాన్నను ఆ పిల్ల జర్మన్ పిల్లల్లా పాపా అనే పిలుస్తుంది.

"సుత్తె."

ఒక రోజు రంపం. ఇంకో రోజు రంపపు పొట్టు. ఇవాళ, పట్టీ అంటించి మూసిన ఖాళీని ఏమంటారని అడిగింది.

"సందు."

"సందు, సందు," అనుకుంటూ గెంతుతూ పోయింది.

విశ్వతేజ ఛాతీ ఉబ్బింది. సుత్తె ముసలాయనది కావచ్చు, మాట మాత్రం నాది! ఆదివారం పాఠాలు ఇన్నాళ్లకు ఫలించాయని మురిసిపోయాడు. ఈ ఒక్కచోట మాత్రం క్రామర్ తన ముందు ఓడాడు.

కానీ ఆశకు అంతెక్కడ? పిల్ల మొత్తం తనకే కావాలనిపించింది.

శనివారం పోయి అదే రకం పట్టీ కొనుక్కొచ్చాడు. శాంతను తమ గరాజ్ తలుపు ముందు నిలబెట్టాడు.

"మనది మనమే మూద్దాం. పట్టుకో."

ఓపా ముందు గుడ్డతో తుడుస్తాడని శాంత గుర్తు చేసింది.

ఓపా పేరు వినగానే అతనికి పంతం వచ్చింది. తుడవకుండానే అంటించాడు. పట్టీ మధ్యలో ఊడి వేలాడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు దాన్ని పిడికిలితో గుద్దాడు.

అప్పుడే క్రామర్ చేతిలో పొడిగుడ్డతో వచ్చాడు. సాయం చేయనా అని అడిగాడు.

"వద్దండీ. మా పని మేం చూసుకుంటాం."

ఎప్పుడూ తడబడే విశ్వతేజ జర్మన్, ఆ ఒక్క ముక్కకు మాత్రం తడబడలేదు.

ముసలాయన చేతిలోని గుడ్డను గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. శాంత అతని వెనకే నడవబోయింది.

"ఆగు. ఇగ ఆడికి పోవద్దు. చలి పెడ్తది."

చలి వంక పెట్టాడు గానీ, లోపల ఉన్నది మంట.

పిల్ల ఇంట్లోకి పోయాక, ఎవరూ చూడకుండా ఆ గుడ్డతోనే తలుపు అంచు తుడిచి పట్టీ అంటించాడు. గట్టిగా అతుక్కుంది. ఇక ఇసుమంత గాలి కూడా దూరదు.

ఆ రోజు నుంచి శాంత ఇంటిపట్టునే ఉంది. సోఫాలో, టాబ్లెట్‌తో. విశ్వతేజ గెలిచాననుకున్నాడు.

రోజులు గడిచాయి. పిల్ల దేనికీ పరుగెత్తుకు రాలేదు. ఏ మాటా అడగలేదు. పిల్లలంతే, మళ్లీ మొదలుపెడుతుందిలే అనుకున్నాడు.

క్రిస్మస్ సెలవులకు ఇంటిల్లిపాదీ ఊరెళ్లి వచ్చేసరికి, పక్క గరాజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. డ్రెస్డెన్ నుంచి వచ్చిన క్రామర్ కొడుకు పిట్టగూళ్లను వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాడు. పండగ ముందు రోజు ముసలాయన నిద్రలోనే పోయాడట.

విశ్వతేజ మర్యాదకు చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పాడు. మనసులో ఒక మూల, ఇక పోటీ లేదన్న పాపిష్టి సంతోషం కదిలింది. వెంటనే సిగ్గేసింది.

శాంత ఏడవలేదు. తను పట్టుకుంటే ఓపా అంటించిన పట్టీనే చూస్తూ నిలబడింది.

అతను పిల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, దాంతోని మూసినదాన్ని ఏమంటరో యాదికుందా?"

"సందు."

"శెభాష్! మరి ఇన్ని రోజుల సంది కొత్త మాట ఒక్కటి గూడ అడుగుతలేవేంది నన్ను?"

ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు శాంత అతని మొహంలోకి చూసింది. సగం తెలుగు, సగం జర్మన్ కలిపి చెప్పింది.

"నన్ను ఎవరు పంపిస్తరు పాపా? 'నాకు తెల్వదు, మీ పాపాకు అన్నీ తెలుసు, ఉరికి పోయి అడుగు' అని రోజూ ఓపానే గదా పంపేటోడు."