ఉత్త మగ్గం

వాలుతలం మీద పెట్టిన చెక్కదిమ్మ కదలనంటే కదలనంది.

సంధ్య పెన్ను కొరుక్కుంటూ కూర్చుంది. సూత్రం నోటికి వచ్చు, కొలతలన్నీ కళ్లెదురుగానే ఉన్నాయి. అయినా లెక్క ఒక్క అడుగు ముందుకు పడటం లేదు.

కారణం చెబితే నవ్వుతారు. చుట్టూ మరీ నిశ్శబ్దంగా ఉంది.

ఆ పిల్ల పుట్టింది సూరత్‌లో, మరమగ్గాల, అదే వాళ్ల మాటలో సాంచాల, షెడ్డు మీది గదిలో. ఆ మోతలోనే ఉయ్యాల ఊగింది, ఆ మోతలోనే అక్షరాలు దిద్దింది. లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగిపోతే ఊరంతా మురిసిపోతూ పిట్టల కూతలు వింటోంది. ఈమెకు మాత్రం బుర్ర పనిచేయడం మానేసింది.

తండ్రి అంబదాస్ ముందే తేల్చేశాడు.

"మెకానిక్స్‌ల పాసైతెనే సైన్సు సదువు. లేకుంటె అమ్మతోని కూసోని చీరెలకు లేసు కుట్టుడే."

పరీక్ష దగ్గరికొచ్చేసింది. ఇంట్లోనే రాయాలి. ప్రశ్నలు ఫోనుకు వస్తాయి, జవాబులు కాగితం మీద రాసి ఫొటో తీసి పంపాలి.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున కింద షెడ్డులో మగ్గం మోగింది.

టకటకా, టకటకా.

సంధ్య ఇనుప మెట్ల మీది నుంచి తొంగి చూసింది. ఊరికి పోయే దారిలేక షెడ్డులోనే చిక్కుకుపోయిన కొత్త మనిషి, పేరు ముత్యమట, ఒక మగ్గానికి నూనె పెట్టి తిప్పి చూస్తున్నాడు. దాని మీద నూలు లేదు, బట్ట లేదు. ఉత్త మగ్గం.

సంధ్య ఆ మెట్ల మీదే చతికిలబడి పుస్తకం తెరిచింది.

చెక్కదిమ్మ కదిలింది!

వాలు మీద మెత్తగా జారింది. కప్పీ మీద తాడు సాగింది. ఒక బరువు పైకి, ఒక బరువు కిందికి, నీళ్లలో తేలుతున్నట్టు పోతున్నాయి. తమ వేగమెంతో, ఘర్షణ ఎంతో వాటంతటవే చెబుతున్నాయి. సంధ్య కలలో రాసుకుంటున్నట్టు రాసుకుంటూ పోయింది.

మగ్గం ఆగింది. పెన్ను ఆగింది.

మళ్లీ మోగింది. పెన్ను మళ్లీ కదిలింది.

ఆనాటి నుంచి రోజూ అదే వరస. సంధ్య వచ్చి మెట్ల మీద కూర్చోవడం, కింద మగ్గం మోగడం.

"నూలు లేని సాంచా నడుపుడేంది? పిచ్చా ఏంది?" అని తల్లి పద్మారాణి గొణిగింది. "షెడ్డు సేఠ్ చూసిండంటె బయటికి గెంటుతడు."

"మన లెక్కనే అమ్మా. సప్పుడు లేకుంటె ఆయనకు గూడ తోస్తలేదేమో."

ఆ మాట తల్లికీ సబబుగానే తోచింది. పుట్టి బుద్ధెరిగాక మోత లేని పూట ఎరగని మనుషులు మరి.

"నడుపుతె నడుపనీ. గని మాటిమాటికి నీ దిక్కే చూస్తడేంది?"

నిజమే. మొహానికి రుమాలు కట్టుకుని, కళ్లు మాత్రం పైకెత్తి చూసేవాడు. సంధ్యకూ ఇబ్బందిగానే ఉండేది. కానీ లోపలికి పోతే మోత పలచబడి బరువులన్నీ మొరాయిస్తాయి. అందుకే ఓర్చుకుంది.

పరీక్ష ముందు రోజు సిగ్గు విడిచి మెట్ల మీది నుంచే కేకేసింది.

"కాకా! రేపు నా పరీక్ష. జర ఎక్కువసేపు నడుపుతవా?"

ముత్యం వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఏదో బోల్టు బిగించుకుంటూ ఉండిపోయాడు.

"నీలుగుడు జూడు!" తల్లికి మండిపోయింది. "పిలిస్తె పలుకడు గని, చూసుడు మాత్రం తెలుసు."

సంధ్యకు ఏడుపొచ్చింది. అంత గర్వం దేనికో!

తెల్లారి పరీక్ష. మళ్లీ అడక్కుండానే మగ్గం మోగింది. ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి కరిగిపోతున్నాయి.

సరిగ్గా సగంలో కరెంటు పోయింది.

మగ్గం ఆగింది. సంధ్య చెయ్యి బిగుసుకుపోయింది. కళ్ల ముందు లేసు చుట్టలు తిరిగాయి.

కింద ముత్యం తలెత్తి చూశాడు. లేచి, మగ్గం పక్కనున్న చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పసాగాడు.

టక్... టక్... టక్...

నిద్దట్లో నడుస్తున్నట్టు, ఆగి ఆగి. బరువులు నెమ్మదిగానే కదిలాయి, కానీ కదిలాయి. అతని చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. సంధ్య ఆఖరి లెక్క పూర్తిచేసి పెన్ను కింద పెట్టాకే చక్రం ఆగింది.

ఫలితం వచ్చింది. పాస్!

"ఇగ నీ సదువు నీ ఇష్టం బిడ్డా" అన్నాడు అంబదాస్.

సంధ్య గిన్నెలో పాయసం పోసుకుని కిందికి పరుగెత్తింది. షెడ్డుకు తాళం వేసి ఉంది. పక్కనే, కార్మికులకు వండిపెట్టే సమ్మక్క గిన్నెలు తోముతోంది.

"ముత్యం పొద్దుగాలనే పోయిండు బిడ్డా. ఊరికి రైలు దొరికింది."

"అయ్యో! పాసైన అని చెప్దామనుకున్న పెద్దమ్మా. ఆయనకు గర్వమైతె గర్వం గని, ఆయన సరదాకు నడుపుకున్న సాంచానే నాకు అక్కెరకొచ్చింది."

"సరదా ఏంది? నీ కోసమే నడిపిండు" అంది సమ్మక్క. "సాంచా తిప్పితె పైన పిల్ల కలం ఉరుకుతది, ఆపితె ఆగుతది, అందుకే దాని కలం దిక్కే చూసుకుంట నడుపుతున్న అన్నడు. సేఠ్ వచ్చి తిట్టినా ఆపలే."

సంధ్య మొహం సిగ్గుతో కాలిపోయింది. తానూ తల్లీ ఎన్నెన్ని మాటలన్నారు!

"ఆయన ఫోన్ నంబరియ్యి పెద్దమ్మా. జర మాట్లాడుత."

"ఫోన్‌ల ఏం మాట్లాడుతవు బిడ్డా?" అంది సమ్మక్క, కడిగిన గిన్నె బోర్లిస్తూ. "సాంచాల కాడ చేసీ చేసీ, నువ్వు పుట్టకముందే ఆయన చెవులు పోయినయి."