నీలిమందు అంటిన చేయి

తల్లి దేవవ్వ దిండు కింద సగం కొరికిన మలీద ముద్ద దొరికేసరికి నవీన ఒళ్లు మండిపోయింది.

తల్లి మతిభ్రమకు మందులతో పాటు కరీంనగర్ డాక్టరు కీటో తిండి రాశాడు. అన్నం, బెల్లం బందు. మెదడు ఇక కొవ్వుతోనే నడవాలి. గుడ్లు, నెయ్యి తింటూ తేరుకున్న దేవవ్వకు ఈమధ్య మళ్లీ గొంతులు వినబడుతున్నాయి. ఎవరో దొంగచాటుగా రొట్టెలో బెల్లం నలిపి పెడుతున్నారన్నమాట!

నవీన బెల్లం డబ్బా మూతకు బట్టల నీలిమందు పూసింది. సాయంత్రం రోకలి పట్టుకుని మేనత్త దుర్గవ్వ ముందు నిలబడింది.

"చెయ్యి చూపియ్యి అత్తా. రంగుంటే గిక్కడనే విరగ్గొడ్త."

"నెయ్యి తింటె పిచ్చి తగ్గుతదా అని నవ్విన. గంతకే దొంగనైతనా? సూడు!"

అరచేతుల మీద మరకే లేదు.

పక్కన తండ్రి గట్టయ్య తువ్వాలలో చేయి దాచుకున్నాడు. నవీన లాగి చూసింది. నీలం!

"బాపూ! అవ్వ మీద గింత పగనా నీకు?" రోకలి పైకి లేచింది.

గట్టయ్య చేయి వెనక్కి తీసుకోలేదు.

"కొట్టు బిడ్డా. అవ్వకు పానం బాగలేనప్పుడు, బొగ్గుబాయిల సచ్చిపోయిన మన అంజి దినాం డ్యూటీ దిగి ఇంటికొచ్చేటోడు. కాళ్లు కడుక్కో కొడుకా అని పిలిచేది. వాడేమన్నడో నాకు చెప్పేది. నయమైనంక వాడు మళ్ల రాలే. ఒక్కసారి వాని ముచ్చట ఇందామని నేనే పెట్టిన."