పళ్ల డాక్టరు వైన్

"డాక్టరుగారూ, ఈ వైన్ తాగాలంటే ముగ్గురు కావాలండీ. తాగేవాడొకడు, వాడు పారిపోకుండా పట్టుకునేవాళ్లిద్దరు," అన్నాడు ఆర్పాద్, మూతి తుడుచుకుంటూ.

"నాలుగోవాడు కూడా కావాలయ్యా, తర్వాత పళ్లు చూడ్డానికి. దానికి నేనున్నాగా!" అన్నాడు బెర్తలన్.

బెర్తలన్ వైన్ పీపాలుండే సెల్లార్ ముందు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా బెర్తలనే నవ్వాడు. తన మీద తనే జోకు వేసుకుంటే ఎదుటివాడికి శ్రమ తగ్గుతుందని అతను ఎప్పుడో కనిపెట్టాడు.

కింద పట్నంలో పళ్ల డాక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక షోమ్లో అనే కొండ మీద చిన్న ద్రాక్షతోట కొనుక్కున్నాడు. అగ్నిపర్వతం చల్లారగా మిగిలిన నల్లరాతి నేల. రాజుల కాలం నుంచి పేరున్న గొర్రెతోక రకం ద్రాక్ష. పక్కతోటలో ఆర్పాద్ అదే ద్రాక్షతో తీస్తే, తీపి లేని ఆ తెల్ల వైన్ నాలుక మీద కాస్త పొగ, కాస్త ఉప్పదనం తగిలించి హాయిగా దిగిపోతుంది. బెర్తలన్ తీస్తే వెనిగర్‌కు పెద్దన్నయ్య పుడతాడు.

"కొండ చల్లారలేదోయ్, నా పీపాలో దాక్కుంది," అనేవాడు.

"మన వైన్ పెళ్లిరాత్రి తాగితే కొడుకు పుడతాడంటారు," అన్నాడు ఆర్పాద్. "మీది తాగితే పెళ్లికొడుకు కిటికీలోంచి దూకుతాడు."

ఆ వైన్‌ను మెచ్చుకునే మనిషి కొండ మొత్తానికీ ఒక్కతే ఉంది. ఇల్కా. భర్త పోయాక దిగువ తోటలో ఒంటరిగా ఉంటోంది. ఆ మధ్య పెద్ద జ్వరం పడి లేచింది. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ పెళ్లయినా వంట ఆమెదే. ప్రతి శనివారం బుట్టనిండా పొగాచా రొట్టెలు చేసి తెచ్చేది. ఒక గ్లాసు మెల్లగా తాగి, "బాగుంది" అనేది. ఆ రొట్టెల్లో ఉప్పుకు కొన్నాళ్లుగా అంతు లేదు. అంత ఉప్పు పడితే తప్ప తన వైన్ గొంతు దిగదని ఆమెకు తెలుసు కాబోలు అనుకుని, బెర్తలన్ ఒక్కటీ మిగల్చకుండా తినేవాడు. ఆమె వెళ్లాక కూజా ఎత్తి నీళ్లు తాగేవాడు.

ఆ శనివారం ఇల్కా వచ్చేసరికి నవ్వులు సద్దుమణిగాయి. ఆర్పాద్ ఒక్కడే మిగిలాడు.

"ఇల్కాగారూ, తోట ఆర్పాద్‌కు ఇచ్చేసి మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నాను," అన్నాడు బెర్తలన్. "కొండకు పట్టిన పీడ వదులుతుంది."

ఇల్కా బుట్ట కింద పెట్టింది. "మరి శనివారాలు నేనేం తాగను?"

"ఆర్పాద్‌ది తాగండి. లోకమంతా అదే తాగుతోంది."

"నాకు మీదే ఇష్టం."

"జాలి పడకండి. నా పేషెంట్లు కూడా నొప్పి లేదనే చెప్పేవారు, కళ్లనీళ్లు కారుస్తూ."

"జాలో కాదో తేలిపోతుంది, ఆగండి," అంటూ ఆర్పాద్ తను తెచ్చిన సీసాలు పట్టుకుని లోపలికెళ్లి మూడు గ్లాసులు నింపుకొచ్చాడు. "ఒకటి నాది, ఒకటి మా మామది, ఒకటి డాక్టరుగారిది. ఏది నచ్చిందో చెప్పండమ్మా."

కాస్త మసకగా ఉన్న మూడో గ్లాసు తనదని బెర్తలన్‌కు చూడగానే తెలిసింది. ఇల్కా ఎదురుగా కూర్చుని మొదటి గ్లాసు ఎత్తింది. అతను చెవి గోక్కున్నాడు. రెండోది ఎత్తింది. అతను పిచ్చుకల్ని చూశాడు. మూడోది పెదవులకు తగలగానే అతను బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు. గ్లాసు అంచు మీదుగా ఇల్కా అతన్నే చూస్తూ తాగింది.

"ఇదే."

ఆర్పాద్ ఆ గ్లాసు లాక్కుని వాసన చూసి, తల పట్టుకున్నాడు. "డాక్టరుగారిదే!"

"ఇందులో వింతేముంది? ముగ్గురిలో దొంగను ఎవరైనా పట్టేస్తారు," అన్నాడు బెర్తలన్.

"పట్టమన్నారా? నచ్చింది చెప్పమన్నారు. చెప్పాను," అంది ఇల్కా.

బెర్తలన్ లేచాడు. లోపలికెళ్లి అక్కకు ఫోన్ చేశాడు. "నాకని ఉంచిన గదిలో ఇంకెవర్నయినా పెట్టుకో అక్కా. ఇక్కడ నా వైన్ అర్థమయ్యే మనిషి ఒకరున్నారు," అన్నాడు.

బయటికొచ్చేసరికి ఆర్పాద్ తల అడ్డంగా ఊపుకుంటూ దిగువకు వెళ్లిపోతున్నాడు. బెర్తలన్ ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇల్కాగారూ, అంతమంది ఛీ కొట్టిన దాంట్లో మీకేం నచ్చింది? పొగా? పులుపా? అదేదో చెబితే, వచ్చే ఏడూ సరిగ్గా అలాగే తీస్తాను. ఒక్క చుక్క కూడా మార్చను."

ఇల్కా అతని చేతి మీద చెయ్యి వేసింది.

"ఆ పెద్ద జ్వరం తగ్గినప్పటి నుంచి నాకు ఏ రుచీ తెలియదు, బెర్తలన్."