మిగతా సొమ్ము

“ఎనిమిది వేల నాలుగు వందలు. ఎవరు తీశారో తేలేదాకా ఈ గుమ్మం దాటడానికి వీల్లేదు,” అంది తల్లి, ఫోన్‌ను తండ్రీకూతుళ్ల ముఖాల ముందు అటూ ఇటూ తిప్పుతూ.

బ్యాంకు నుంచి మెసేజి వచ్చి అయిదు నిమిషాలైనా కాలేదు. ఈలోపే ఆమె ఆలోచన ఊరంతా తిరిగి వచ్చింది. ఎవడో ఖాతాలో దూరాడు. సాయంత్రానికి తక్కినదీ ఊడ్చేస్తాడు. ఎల్లుండికి ఇంటి అడ్రసు కూడా కనుక్కుంటాడు. ఇంటిల్లిపాదికీ ఉన్నది ఒకటే ఖాతా, ఒకటే కార్డు. అందులో దాచింది కూతురి పరీక్ష ఫీజు. కట్టడానికి రేపే ఆఖరి రోజు. కట్టకపోతే ఏడాది చదువు నీళ్లపాలు.

అనుమానం ముందు కూతురి మీదికే పోయింది. పోదా మరి. చదువుకునే బల్ల మీద పుస్తకాలకు చోటు లేదు కానీ బొటనవేలంత మనుషులకూ, అగ్గిపెట్టెంత కార్లకూ ఉంది. కొన్ని పెట్టెలు విప్పను కూడా విప్పలేదు, విప్పితే విలువ పోతుందట. బొమ్మ కొని పెట్టెను చూసి మురిసేదాన్ని నిన్నొక్కదాన్నే చూశానని తల్లి రోజూ దెప్పుతూనే ఉంటుంది.

“దాన్నేమీ అనకు. నేనే కొన్నాను,” అన్నాడు తండ్రి.

ఆయన రేవులో ముప్పయ్యేళ్లుగా క్రేను నడుపుతున్న మనిషి. వచ్చేవారం రిటైరవుతున్నాడు. ఏం కొన్నారని అడిగితే గోడకేసి చూసి, గడియారమన్నాడు. డ్యూటీకి వెళ్లినన్నాళ్లూ లేని గడియారం మానేశాక ఎందుకని ఆమె అడిగింది. ఆయన చెంప గోక్కున్నాడు.

“నాన్న మాట నమ్మకమ్మా. అది నేనే,” అంది కూతురు.

నిరుడెప్పుడో ఒక బొమ్మ ముందుగా బుక్ చేశానంది. ఇలాంటివి తయారై రావడానికి నెలలు పడుతుందట. పంపే రోజున మిగతా సొమ్ము కార్డులోంచి దానంతటదే పోతుందట. ఆ సంగతే మరిచిపోయానని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఏ బొమ్మ అని అడిగేసరికి మాత్రం బల్లకేసి చూసింది.

తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒక్క దొంగతనానికి ఇద్దరు దొంగలు. కూతురు కొన్నదనుకుని తండ్రి, తండ్రి కొన్నాడనుకుని కూతురు, నింద తమ నెత్తిన వేసుకుంటున్నారు. కడుపులో ఎక్కడో చల్లగా తగిలింది. కానీ ఆమె భయం ఏ చల్లదనాన్నీ ఎక్కువసేపు నిలవనివ్వదు. వీళ్లిద్దరూ కొనలేదంటే మరి బయటివాడే కదా.

ఫీజు సంగతి తాను చూసుకుంటానని, తోటి డ్రైవరు జీతాల రోజు వరకు సర్దుతాడని తండ్రి నచ్చజెప్పబోయాడు. రిటైరయ్యే ముందు అప్పా, తన ప్రాణం పోయినా ఒప్పుకోనందామె. మెసేజిలో ఉన్న దుకాణం పేరు పట్టుకుని కూతురు చేత నంబరు వెతికించింది. రేపు మాట మార్చకుండా సాక్ష్యం ఉండాలని స్పీకరు పెట్టించింది.

అవతలి అమ్మాయి నెమ్మదిగా మాట్లాడింది. దొంగతనమేమీ కాదట. పది నెలల క్రితం అయిదు వందలు కట్టి బుక్ చేశారు. సరుకు తయారైంది కాబట్టి మిగతాది ఇప్పుడే కార్డులోంచి తీసుకున్నారు.

“అసలు ధర ఎంతో కనుక్కోకుండా అయిదు వందలు కట్టే అమాయకులు కూడా ఉంటారా తల్లీ?” అంది ఆమె, ఇద్దరినీ ఓరగా చూస్తూ.

“చాలామంది ఉంటారమ్మా. అదే మొత్తం ధర అనుకుంటారు. రెండు నెలలు ఎదురుచూసి, రాకపోయేసరికి మోసపోయామనుకుంటారు. ఇంట్లో చెబితే నవ్వుతారని నోరు మెదపరు.”

తల్లి కొంగుతో మెడ తుడుచుకుంది.

“ఇంతకీ ఏం బొమ్మండీ అది?” కూతురు అడిగింది.

రేవు క్రేను అంది ఆ అమ్మాయి. పసుపు రంగుది, మూరెడు ఎత్తు, పైన మనిషి కూర్చునే గది, ఎక్కే మెట్లు, అన్నీ ఉంటాయట. అలాంటి బొమ్మలు మూడు వందలే చేశారట.

దొరికిపోయావు నాన్నా అన్నట్టు కూతురు నవ్వింది. తండ్రి నవ్వలేదు. బిడ్డకు తన మీద ఇంత ప్రేమా అన్నట్టు దాని తల మీద చెయ్యి వేశాడు.

“ఎవరు కొంటే ఏమిటి? రద్దు చేసెయ్యమ్మా,” అంది తల్లి. ఇందాకటి గొంతు కాదది. స్పీకరు ఆపే మీట కోసం వేలితో తడుముతోంది. ఎక్కడుందో తెలియడం లేదు.

అలాగేనంది ఆ అమ్మాయి. రద్దు చేస్తే అయిదు వందలు పోతాయి కానీ మిగతాది ఇవాళే ఖాతాలో పడుతుంది. అయితే కానుకగా బుక్ చేసినవాటికి ఒక పద్ధతి ఉందట. బొమ్మతోపాటు పెట్టమని రాయించిన చీటీ ఒకసారి చదివి వినిపిస్తారట. అప్పటికీ వద్దంటే రద్దే. వద్దు తల్లీ, చదవకు అని ఆమె అనేలోపే ఆ అమ్మాయి చదివేసింది:

“‘ఏమండీ, ఈ ముప్పయ్యేళ్లూ మీరు ఆ క్రేను దిగి ఇంటికొచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. ఇకమీదట అది మన అల్మారా ఎక్కుతుంది, మీరు నేల మీద నా పక్కన ఉండండి.’”