గాజుల గంప ఉన్న అరుగు

"లే అమ్మా, లే. ఇయ్యాల ఇక్కడ కూసోవద్దు."

జయశ్రీ గొంతులో విసుగుంది. పొద్దున్నుంచి నిలబడే ఉంది.

అరుగు మీద గాజులామె కదల్లేదు. ముందు గంప, గంప మీద పాత చీర ముక్క. ఊళ్లు తిరిగి గాజులమ్ముకునే మనిషి. సంత రోజున గద్వాలకు వస్తుంది. వచ్చి సంతలో కూర్చోదు, ఈ సందులోకొచ్చి ఈ అరుగు మీదే కూర్చుంటుంది. బేరం ఉండదు. పేరేమిటో ఎవరూ అడగలేదు.

ఆ ఇల్లు పిల్లల సహాయ కేంద్రం. పెద్దవాళ్ల చేతుల్లో దెబ్బలు తిన్న పిల్లలు, బయటికి చెప్పుకోలేని కష్టం పడ్డ పిల్లలు వస్తారు. వాళ్లకింత అన్నం పెట్టి, దవాఖానకు తీసుకెళ్లి, పోలీసుల ముందు పక్కన నిలబడాలి. అది జయశ్రీ ఉద్యోగం. నిధులు ప్రభుత్వానివి. ఏటా వాటి కోసం అడుక్కోవడం మాత్రం జయశ్రీ వంతు.

ఈ ఏడు నిధులు కొనసాగించాలా వద్దా తేల్చడానికి ఆఫీసరు వస్తున్నాడు. గోడలకు సున్నం వేయించారు. పెద్ద అక్షరాలతో కొత్త బోర్డు పెట్టించారు.

"జరసేపు అమ్మా. ఒక బిడ్డ రావాలె. వచ్చినంక పోత" అంది గాజులామె.

"గాజులకేనా? సంతల తొడిగించుకుంటది తీ. నువ్వు లే."

గాజులామె ఏదో చెప్పబోయింది. గేటుకు మామిడాకుల తోరణం కడుతున్న మగవాళ్లను చూసి ఆగిపోయింది.

"ఆఫీసరు చూస్తే ఏమంటడు? ఇదేమన్న గాజుల దుకాణమా?"

జయశ్రీ తనే గంపనెత్తి రోడ్డు మీద పెట్టింది.

"మల్ల ఈ అరుగు మీద కనబడితే పోలీసులకు చెప్త."

"పోత తల్లీ."

గాజులామె గంప నెత్తిన పెట్టుకుంది. సందు చివరిదాకా వెనక్కి చూసుకుంటూనే వెళ్లింది.

ఆఫీసరు వచ్చాడు. కూల్ డ్రింకు తాగాడు. గదులు చూశాడు.

"పిల్లలకు ఈ జాగ ఎట్ల తెలుస్తదమ్మా?"

"ఊళ్లల్ల గోడల మీద రాయించినం సార్. ఇక్కడ బోర్డు చూసి లోపలికొస్తరు."

"మంచిది. ఈ నాలుగు నెలలు ఎంతమంది వస్తరో చూసి పైకి రాస్త."

జయశ్రీ ఊపిరి పీల్చుకుంది. ఇక వచ్చేది సీడు పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి కాలమే కదా. పూలకు పుప్పొడి అద్దడానికి చిన్నపిల్లల వేళ్లే కావాలంటారు ఆసాములు. ఆ చేల నుంచే ఏటా ఎక్కువమంది పిల్లలు వచ్చేవారు. చిరిగిన లంగా, చేతికి మాత్రం కొత్త గాజులు. ఆడపిల్లలకు సరదా అనుకునేది జయశ్రీ.

ఆ ఏడు ఒక్కరూ రాలేదు.

జయశ్రీ ఆటోకు మైకు కట్టించి ఊళ్లు తిరిగింది. గొంతు పోయింది గానీ ఎవరూ రాలేదు. అటెండరు యాదయ్య గేటు దగ్గర కూర్చుని కునుకుతూ ఉండేవాడు.

నాలుగు నెలలయ్యాక ఆఫీసరు మళ్లీ వచ్చాడు.

"పిల్లలే రాకపోతే నిధులెందుకమ్మా? బాధ తగ్గినట్టే గదా. సంతోషపడాలె."

"తగ్గలేదు సార్. ఎందుకో వస్తలేరు."

"ఎందుకో అని రాస్తే పైన ఇస్తరా?"

పదిహేను రోజుల్లో మూసేయమని ఉత్తర్వు వచ్చింది.

చివరి రోజు యాదయ్య బెంచీలు ఆటోకెత్తించుకుని వెళ్లిపోయాడు. అది సంత రోజు. జయశ్రీ తలుపుకు తాళం వేసి వెనక్కి తిరిగింది. ఏడుపు కూడా రావడం లేదు, అంత అలసటగా ఉంది.

గేటు దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. పదకొండేళ్లుంటాయేమో. చేతికి వెలిసిపోయిన గాజులు.

"అక్కా, గాజులమ్మ కూసునే ఇల్లు ఇదేనా? సందు మొదట్ల చాయ్ హోటల్ తాతనడిగితే ఇదే అన్నడు."

గాజుల కింద మణికట్టు నల్లగా కమిలి ఉంది. జయశ్రీ ఇంకేమీ అడగలేదు. వేసిన తాళం తీసింది. ఉత్తర్వు సంగతి రేపు చూసుకోవచ్చు.

పిల్లను లోపల నేల మీదే కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"పేరేంది బిడ్డా?"

"రేణుక. ఇటిక్యాల దిక్కు మాది. సీడు పత్తి చేనుకు పోత."

"ముందే రాకపోయినవా?"

"వచ్చిన అక్కా. గేటుకు తోరణం కట్టిన దినం వచ్చిన. అరుగు మీద గంప లేదు. ఈ ఇల్లు కాదనుకొని తిరిగి పోయిన. ఇంకోసారి గూడ వచ్చిన. అప్పుడు గూడ లేదు."

"బోర్డు ఉంది గదా?"

"నాకు సదువొస్తదా అక్కా?"

జయశ్రీ తెరిచిన తలుపులోంచి ఖాళీ అరుగు వైపు చూసింది.

"గాజులు తొడుగుతుంటే గాజులమ్మ నా చెయ్యి చూసింది" అంది రేణుక. "ఎవ్వరికీ చెప్పనని ఒట్టేసింది. సంతకు మీ అమ్మెంబడి రా, నా గంప ఏ అరుగు మీదుంటే ఆ ఇంట్లకు పో, నువ్వు లోపలికి పోయేదాంక నేను కూసుంట అన్నది. అందరు పిల్లలకు గట్లనే చెప్తదంట."

"ఇప్పుడు యాడుంది ఆమె?"

"రాయచూరు దిక్కు పోయిందంట. మల్ల మా ఊరికి రాలే."

రేణుక నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, భయం భయంగా చూసింది.

"ఆ ఇంటి అక్క ఎవ్వర్ని ఎల్లగొట్టదు అని చెప్పింది. ఆ అక్క నువ్వేనా?"

ఇన్నేళ్లుగా ఒక్కొక్క బిడ్డనూ ఈ ఇంటికి చేర్చింది గాజులామేనని, ఆమె గంపను రోడ్డు మీద పెట్టిన రోజే ఈ కేంద్రానికి తానే తాళం వేసిందని జయశ్రీకి అప్పుడు తెలిసింది.