గోరంత తక్కువ

“తల ఎత్తావంటే చంపేస్తా!” స్టీరింగు పట్టుకున్న మేనమామ వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

రొట్టెల వ్యానులో, ఖాళీ ట్రేల మధ్య పరిచిన పరుపు మీద మేనల్లుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రోజూ ఆ వ్యాను నడిపేది అతనే. ఈ రోజు మాత్రం అతనే సరుకు.

“మామయ్యా, నిన్న సాయంత్రం నుంచీ పడుకునే ఉన్నాను. వీపు మొద్దుబారిపోయింది.”

“వీపు కావాలా, పెళ్ళి కావాలా?”

పెళ్ళే కావాలి. ఆ అమ్మాయి తప్ప అతనికి ఇంకెవరూ వద్దు. ఆమెకీ అంతే. అడ్డల్లా ఆమె తండ్రే. ఆయన దర్జీ, లోకాన్నంతా టేపు పెట్టి చూసే మనిషి. “అల్లుడు మా అమ్మాయి కన్నా వెంట్రుక వాసి పొట్టిగా ఉన్నా ఒప్పుకోను. కొలత కుదరని జత నేను కుట్టను,” అని తేల్చేశాడు. ఈ ఉదయం కొట్లో ఇద్దర్నీ నిలబెట్టి చూస్తాడట. తప్పితే మళ్ళీ ఆ మాటే ఎత్తకూడదట. మేనల్లుడు ఆమె కన్నా గోరంత తక్కువ.

“ఆ గోరంత ఎక్కణ్ణుంచి వస్తుంది మామయ్యా?”

బళ్ళో పాతికేళ్ళు సైన్సు చెప్పిన మేనమామకి ఆ ప్రశ్న చాలు. “నీ వెన్నులోంచే! వెన్నుపూసల మధ్య మెత్తలుంటాయి. నిలబడి తిరుగుతుంటే ఒంటి బరువుకి అవి నలుగుతాయి. అందుకే సాయంత్రానికి అందరం కాస్త పొట్టి అవుతాం. పడుకుంటే మళ్ళీ పొంగుతాయి, మీ రొట్టెల పిండిలాగా. అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళయితే రెండంగుళాల దాకా పెరుగుతారు. ఇదంతా క్లాసులో చెప్పాను. నువ్వు వెనక బెంచీలో గుర్రు పెట్టావు. చెవులు రిక్కించి విన్నది ఆ అమ్మాయొక్కతే.”

“అయితే నేను గెలుస్తానా?”

“గెలవక్కర్లేదు. పొద్దున్నుంచీ తిరుగుతున్న మనిషి ఆమె, అప్పుడే పక్క మీంచి లేచినవాడివి నువ్వు. లెక్క ప్రకారం సమానం అవుతారు. అంతే చాలు.”

వ్యానుని కొట్టు గుమ్మం దాకా వెనక్కి పోనిచ్చి, మేనమామ తలుపు తెరిచాడు. మేనల్లుడు గాజు సామానులాగా మెల్లగా దిగాడు.

కొట్లో ఇస్త్రీ బట్టలు కొండలా పేర్చి ఉన్నాయి. “చూశారా మాస్టారూ, మా పిల్ల హుషారు!” దర్జీ మురిసిపోయాడు. “వారం రోజుల ఇస్త్రీ రాత్రికి రాత్రే చేసి పడేసింది. వద్దంటే వింటేనా!”

అమ్మాయి బల్లకి ఆనుకుని నవ్వింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మేనమామ స్టూలు జరిపి “కూర్చోమ్మా” అంటే, “ఇప్పుడొద్దు మాస్టారూ,” అంది.

ఇద్దరూ చెప్పులు విప్పి, వీపులు ఆనించి నిలబడ్డారు. దర్జీ ఇద్దరి తలల మీదా చెక్క స్కేలు పెట్టాడు. మేనల్లుడు ఊపిరి బిగబట్టాడు.

స్కేలు ఆమె వైపు వాలింది. దర్జీ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“అబ్బాయే పొడుగు!”

“సమానం కదా రావాలి...” అని గొణిగిన మేనమామ, మరుక్షణమే మీసం దువ్వాడు. “ఎవరి శిష్యుడనుకున్నారు!”

“మాటంటే మాటే. పెళ్ళి బట్టలు నా చేత్తోనే కుడతాను,” అంటూ దర్జీ కాబోయే అల్లుణ్ణి కావలించుకున్నాడు. మేనల్లుడికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొట్టంతా సంబరమే.

సందడి కాస్త తగ్గాక అతను అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఛాతీ విరుచుకున్నాడు. “చూశావా నా తపస్సు! నీ కోసం నిన్నటి నుంచీ నడుం ఎత్తలేదు, తెలుసా?”

అమ్మాయి అప్పుడు స్టూలు లాక్కుని కూలబడింది. వాచిన పాదాలు నొక్కుకుంటూ అతని వంక చూసి నవ్వింది.

“నేను నడుం వాల్చలేదు.”